గోడకు రంగు ఒక్కరోజు పని, నల్లాలో నీళ్ళు రోజూ పని



ఈ సంచికలో ఒక బడి ఆవరణ గురించి మీతో మాట్లాడాలనుకున్నాము. ఆసుపత్రి పత్రికలో బడి గోడల సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. చివరి వరకు చదివితే కారణం మీకే తెలుస్తుంది.

పాతబస్తీలో శాలిబండ దాటాక ఎడమకు, కుడికి విడిపోయే సందులలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇందులో మేము చెప్పబోయే లోపాలు ఆ ఒక్క బడివే కావు. పిల్లల కళ్ళు, పళ్ళు, బరువు పరీక్షించడానికి మా సామాజిక ఆరోగ్య విభాగం అక్కడికి వెళుతూ ఉంటుంది. పాతబస్తీలో చాలాచోట్ల ఉన్నట్లే అక్కడా ఒకే ఆవరణలో రెండు బడులు నడుస్తాయి. ఒకటి ఉర్దూ మీడియం, ఒకటి తెలుగు మీడియం. రెండింటికీ కలిపి ఒక వేపచెట్టు, ఒక నల్లా, ఒక మరుగుదొడ్ల వరుస.

సీసా నిండుగానే ఉంది

వేసవి సెలవుల తరువాత బడి తెరిచిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం మూడు గంటలకు ఎనిమిదో తరగతి ఆడపిల్లలతో ఆరోగ్య పాఠం పెట్టుకున్నాము. ఎండలు ఇంకా తగ్గలేదు. మా నర్సు ఒకరు, "ఎవరెవరు నీళ్ళ సీసా తెచ్చుకున్నారు? పైకెత్తి చూపించండి" అని అడిగారు. చాలామంది ఎత్తారు. సీసాలు దాదాపు నిండుగానే ఉన్నాయి. పొద్దున ఇంట్లో అమ్మ నింపి ఇచ్చిన నీళ్ళు అలాగే ఉన్నాయి.

"ఎందుకమ్మా తాగలేదు?" అంటే ఎవరూ మాట్లాడలేదు. పాఠం అయిపోయి సామాను సర్దుకుంటుండగా ఒక అమ్మాయి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"తాగితే పోవాల్సొస్తది మేడమ్. లోపల గొళ్ళెం లేదు. దోస్తుని బయట నిలబెట్టాలె. నీళ్ళు కూడ రావు."

ఆ మాట మమ్మల్ని ఆలోచనలో పడేసింది. మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, విడవని జ్వరం అంటూ పది పన్నెండేళ్ళ ఆడపిల్లలను తల్లులు మా ఓపీకి తీసుకువస్తారు. పరీక్ష చేసి, మందు రాసి, "నీళ్ళు బాగా తాగు తల్లీ" అని చెప్పి పంపుతాము. ఆ పిల్ల తల ఊపుతుంది. మరునాడు బడికి వెళ్ళి మళ్ళీ నీళ్ళు తాగకుండా కూర్చుంటుంది. గొళ్ళెం లేని తలుపుకు మన మందుల చీటీలో వైద్యం లేదు.

నీళ్ళు తక్కువ తాగడం, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం, ఈ రెండూ కలిస్తే మూత్రనాళంలో సూక్ష్మక్రిములు పెరగడానికి అవకాశం దొరుకుతుంది. మలబద్ధకం కూడా వస్తుంది. దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. నెలసరి మొదలైన పిల్లలైతే ఆ రోజుల్లో బడికే రారు. నెలకు రెండు మూడు రోజులు పోతే సంవత్సరానికి ఎన్ని పాఠాలు పోతాయో లెక్క వేసుకోండి.

రెండో శనివారం

ఆ బడికి మాదాపూర్ వైపు నుంచి ఒక కంపెనీ ఉద్యోగులు సేవా కార్యక్రమానికి వస్తున్నారని కొద్దిరోజులకే తెలిసింది. ముందుగా చూసి వెళ్ళడానికి వారి బృందం వచ్చిన రోజున మేమూ అక్కడే ఉన్నాము. వారి చేతిలో ఒక పథకం ఉంది. ముందు గోడ మీద పెద్ద బొమ్మ, ఆవరణ చుట్టూ మొక్కలు, ఒక మూల వాలీబాల్ నెట్టు. అన్నీ మంచివే. హెడ్మిస్ట్రెస్ గారు అన్నిటికీ "సరే సార్, సరే సార్" అంటున్నారు. దానం చేయడానికి వచ్చిన వారిని ఇది కావాలి, అది వద్దు అని ఎలా అడుగుతామని ఆమె మొహమాటం.

మా నర్సు ఉండబట్టలేక నీళ్ళ సీసాల సంగతి చెప్పారు. ఆ బృందానికి పెద్దగా వచ్చిన యువకుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాకెవరూ చెప్పలేదు సిస్టర్. ముందు అదే చేద్దాం" అన్నాడు. బొమ్మకు అనుకున్న డబ్బులో సగం తలుపులకు, పైపులకు మళ్ళింది.

జూలైలో రెండో శనివారం బడికి సెలవు. ఆ రోజు పొద్దున నలభై మందికి పైగా వచ్చారు. బస్సు సందులోకి రాదు. పెద్ద రోడ్డు మీదే దిగి, రంగు డబ్బాలు, బ్రష్షులు, పారలు మోసుకుంటూ నడిచి వచ్చారు. అంతవరకు పాతబస్తీ అంటే చార్మినార్, బిర్యానీ తప్ప తెలియనివాళ్ళు వారిలో చాలామంది ఉన్నారు.

బస్తీ వాళ్ళు ఊరికే చూస్తూ నిలబడలేదు. వెల్డింగ్ దుకాణం భాయ్ మరుగుదొడ్ల తలుపులకు గొళ్ళేలు బిగించి కూలి వద్దన్నాడు. రిటైరైన మేస్త్రీ ఒకాయన, పిల్లలంతా చాచా అని పిలిచే పెద్దమనిషి, కుర్చీ వేసుకుని కూర్చుని షాబాద్ బండలు ఎటు వాలుగా వేస్తే వాన నీరు మోరీలోకి పోతుందో చెప్పి చేయించాడు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఆయన చెప్పినట్లు బండలు మోశారు. బడి ట్యాంకు ఖాళీగా ఉంటే పక్కింటి వారు గోడ మీదుగా పైపు వేసి నీళ్ళిచ్చారు. మహిళా సంఘం వారు అన్నం, ఖట్టీదాల్ వండి తెచ్చారు. సాయంత్రానికి ఎవరు కంపెనీ వారో ఎవరు బస్తీ వారో రంగు మరకలలో తెలియలేదు.

ఇంత ఇరుకెందుకు?

పాతబస్తీ బడులకు ఆవరణలు ఎందుకు చిన్నవని ఆ రోజు ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలి, వెలుతురు, మురుగునీటి దారి ఉంటేనే రోగాలు తగ్గుతాయన్న ఆలోచనతో నగరాన్ని తిరిగి కట్టారు. ఆ కాలంలోనే విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి హైకోర్టుకు, ఉస్మానియా ఆసుపత్రికి, నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డున సిటీ హైస్కూల్‌కు నమూనాలు గీశాడు. ఆ సిటీ హైస్కూల్ భవనమే నేటి సిటీ కాలేజీ. ఆసుపత్రి, బడి ఒకే చేతి గీతలో పుట్టాయన్నమాట. ఆరోగ్యానికి, చదువుకు ఒకే గాలి, ఒకే వెలుతురు కావాలి.

కాని అటువంటి భవనం అన్ని బస్తీలకూ దక్కలేదు. ఎన్నో బడులు పాత ఇళ్ళలో, అద్దె భవనాలలో సర్దుకున్నాయి. ఇల్లు కుటుంబం కోసం కట్టినది. అందులో వందల మంది పిల్లలు చేరితే మొదట చాలక వచ్చేవి నీళ్ళు, మరుగుదొడ్లే.

చట్టం ఇచ్చింది, మనం అడగవలసింది

బడిలో నీళ్ళు, మరుగుదొడ్డి ఎవరో దయతో ఇచ్చేవి కావు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికి సురక్షితమైన తాగునీరు, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, ఆటస్థలం, ప్రహరీ ఉండాలని చెబుతుంది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో అన్ని బడులలో మరుగుదొడ్లు, తాగునీరు కల్పించాలని ఆదేశించింది. 2014లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై మంది పిల్లలకు ఒక దొడ్డి, మూడు మూత్రశాలలు ఉండడం మంచిదని అందులో సూచించింది.

2022 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం వనపర్తిలో 'మన ఊరు మన బడి' ప్రారంభించింది. మన నగరంలో దాని పేరు 'మన బస్తీ మన బడి'. మొత్తం 26,065 బడులను మూడు విడతలలో బాగుచేయాలని తలపెట్టారు. మొదటి విడతకు 9,123 బడులను ఎంపిక చేశారు. మొత్తం 12 రకాల పనులు పెట్టుకుని, వాటిలో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లను కూడా చేర్చారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. బడి మరమ్మతుల బాధ్యతను మహిళా సంఘాల చేతిలో పెట్టారు. అదే సంవత్సరం బడులను శుభ్రంగా ఉంచేందుకు పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల వరకు మంజూరు చేశారు. 2024 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తు ప్రకటించారు.

కరెంటుకు, ఆడపిల్ల ఆరోగ్యానికి ఏమిటి సంబంధం అనుకోకండి. కరెంటు ఉంటే మోటారు నడుస్తుంది. మోటారు నడిస్తే సంపులోని నీళ్ళు పై ట్యాంకుకు ఎక్కుతాయి. ట్యాంకులో నీళ్ళుంటే దొడ్డి శుభ్రమవుతుంది. దొడ్డి శుభ్రంగా ఉంటే పిల్ల నీళ్ళు తాగుతుంది. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా చివరకు ఆ పిల్ల మా ఓపీలో కూర్చుంటుంది.

కంపెనీల సాయానికి కూడా చట్టం దారి వేసింది. 2014 ఏప్రిల్ 1 నుంచి, చట్టం చెప్పిన పరిమితిని మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం రెండు శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు చేయాలి. 2005లో పిలానీ బిట్స్ విద్యార్థులు మొదలుపెట్టి, ఇప్పుడు హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న నిర్మాణ్ వంటి సంస్థలు ఇటువంటి కంపెనీలను ప్రభుత్వ బడులతో కలుపుతున్నాయి. కనుక అడిగేవారు సరిగా అడిగితే ఇచ్చేవారు ఉన్నారు. ఏమి అడగాలో బడిలో రోజూ ఉండేవారికే బాగా తెలుసు.

రంగు వేసేటప్పుడు ఒక హెచ్చరిక

పాత గోడలకు, కిటికీలకు, తలుపులకు ఉన్న ఎనామెల్ రంగులో సీసం ఉండవచ్చు. 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని నిబంధన అమలులో ఉంది. అంతకు ముందు వేసిన రంగులకు ఆ హామీ లేదు. పొడిగా ఉన్న పాత రంగును ఉప్పు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము గాలిలో కలుస్తుంది, నేల మీద పడుతుంది, పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైనా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అందుకే పాత రంగును నీళ్ళతో తడిపి గీకాలి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. రాలిన పెచ్చులను తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టివేయాలి, చీపురుతో ఊడ్చకూడదు. ఆ పని జరుగుతున్నప్పుడు పిల్లలు, గర్భిణీ స్త్రీలు దగ్గర ఉండకూడదు. ఆ శనివారం చిన్నపిల్లలు కొందరు ఉత్సాహంగా బ్రష్షు పట్టుకోవడానికి వచ్చారు. వారిని గీకే చోటికి రానివ్వకుండా వేపచెట్టు కింద కూర్చోబెట్టి మొక్కల పని అప్పగించాము.

తుప్పు మేకులు, విరిగిన బెంచీల ఇనుము, గాజు పెంకులు తీసేటప్పుడు చేతికి తొడుగులు, కాలికి బూట్లు తప్పనిసరి. పిల్లలకు 5–6 ఏళ్ళకు డీపీటీ బూస్టర్, 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు టీడీ టీకా వేయించారో లేదో ఈ సందర్భంగా చూసుకోండి.

మేము చేసిన పొరపాటు

ఆ రోజు ఖాళీ అయిన రంగు డబ్బాలను పారవేయడం ఎందుకని, వాటిలో మట్టి పోసి మొక్కలు నాటించాము. ఫొటోలో అందంగా వచ్చాయి. డబ్బాల అడుగున రంధ్రాలు చేయించడం మాత్రం ఎవరికీ తోచలేదు. ఆరోగ్యం చెప్పడానికి వెళ్ళిన మాకూ తోచలేదు.

ఆగస్టులో వానలు పడ్డాయి. నెలాఖరున మేము వెళ్ళేసరికి డబ్బాలలో మట్టి పైన నాలుగు వేళ్ళ లోతు నీరు నిలిచి ఉంది. ఆరో తరగతి పిల్లవాడొకడు, "మేడమ్, తోక పురుగులు ఉన్నయి" అని పిలిచి చూపించాడు. అవి దోమ పిల్లలు. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇటువంటి చిన్న పాత్రలలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజులలో గుడ్డు దోమ అవుతుంది. అది కుట్టేది ఎక్కువగా పగటి పూటే, అంటే పిల్లలు బడిలో ఉండే సమయంలోనే.

సిగ్గుపడుతూ అప్పటికప్పుడే నీళ్ళు వంపి, మేకుతో ప్రతి డబ్బాకు రంధ్రాలు కొట్టించాము. ఆ పిల్లవాడిని ఆ పనికి నాయకుణ్ణి చేశాము. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో వాడు మరో నలుగురితో ఆవరణ అంతా తిరిగి, ఎక్కడ నీళ్ళు నిలిచినా వంపేస్తాడు. డబ్బాలు, టైర్లు, పగిలిన బకెట్లు, ట్యాంకు మూత అన్నీ చూస్తాడు. వారానికి ఒకసారి వంపితే గుడ్డు దోమ కావడానికి సమయం చాలదు. ఇందుకు ఖర్చేమీ లేదు.

మళ్ళీ వెళ్ళి చూస్తే

సంక్రాంతి సెలవుల తరువాత ఒకరోజు మళ్ళీ వెళ్ళాము. ముందు గోడ మీది బొమ్మకు అడుగున బంతి దెబ్బల మరకలు పడ్డాయి. మొక్కలలో సగం బ్రతికాయి. వాలీబాల్ నెట్టు ఒక పక్క చిరిగింది. చేతులు కడుక్కునే వరుసలో ఒక నల్లా విరిగి, దానికి గుడ్డ కట్టి ఉంది. ఒక్కరోజు సేవ ఆర్నెల్లకు ఇలాగే ఉంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు.

గొళ్ళేలు మాత్రం గట్టిగా ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి మోటారు వేసే బాధ్యత ఆయమ్మది. ఆమె రాని రోజున వేయడానికి మహిళా సంఘం నుంచి ఒక అక్క పేరు, హెడ్మిస్ట్రెస్ గారి గదిలో గోడకు అంటించిన కాగితం మీద రాసి ఉంది. దాని కిందనే వెల్డింగ్ భాయ్ ఫోను నంబరు, ప్లంబరు నంబరు కూడా ఉన్నాయి. ఆ బడిలో మేము చూసిన వాటన్నిటిలో విలువైనది ఆ కాగితమే. విరిగిన నల్లా సంగతి ఆ కాగితం చూసి ప్లంబరుకు అక్కడి నుంచే ఫోను చేశాము. మరునాడు వచ్చి మార్చాడు.

ఆ కంపెనీ బృందం నుంచి ఇద్దరు యువకులు రెండు నెలలకొకసారి శనివారం వస్తున్నారట. బ్రష్షులు తేవడం లేదు. ట్యాంకు, మోటారు, తలుపులు చూసి, పాడైన వాటికి కావలసిన సామాను కొనిచ్చి వెళుతున్నారు. ఫొటోలు తీసుకోవడం కూడా మానేశారని ఆయమ్మ నవ్వుతూ చెప్పింది.

మీరు చేయగలిగినవి

మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నా, ఈ చిన్న పనులు మీ చేతిలో ఉన్నాయి.

1. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే నీళ్ళ సీసా చూడండి. నిండుగా ఉంటే కోప్పడకండి. బడిలో దొడ్డి ఎలా ఉందో అడగండి. కారణం అక్కడే దొరుకుతుంది.

2. మూత్రంలో మంట, మాటిమాటికి వెళ్ళడం, పొత్తికడుపు నొప్పి, కారణం తెలియని జ్వరం, పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ తడపడం ఇవన్నీ మూత్రనాళ ఇన్ఫెక్షన్ గుర్తులు కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనుకకు కడుక్కోవాలని ఆడపిల్లలకు నేర్పండి.

3. దొడ్డికి వెళ్ళి వచ్చాక, అన్నానికి ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి. ఈ ఒక్క అలవాటుతో పిల్లలలో విరేచనాలు సుమారు మూడో వంతు తగ్గుతాయి. నెలకొక సబ్బు బడికి ఇవ్వడం ఏ కుటుంబానికైనా సాధ్యమే.

4. చెప్పులు లేకుండా మట్టిలో ఆడనివ్వకండి. కొంకి పురుగు పాదాల చర్మం నుంచే లోపలికి పోతుంది. బడిలో నులిపురుగుల దినం నాడు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి.

5. బడి కమిటీ సమావేశానికి వెళ్ళండి. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మొహమాటం వదిలి గొళ్ళెం గురించి, నీళ్ళ గురించి, మోటారు ఎవరు వేస్తారన్న దాని గురించి అడగండి.

6. మీలో కంపెనీలలో పనిచేసేవారు, యువజన సంఘాల వారు ఏదైనా బడికి సేవ చేయాలనుకుంటే, రంగు కొనకముందే ఒకసారి వెళ్ళి ఆయమ్మను, ఆడపిల్లలను అడగండి. పని అయిపోయాక మళ్ళీ ఎప్పుడు వస్తారో తేదీ రాసి ఇచ్చి రండి.

ఆ రోజు మేము బయలుదేరుతుండగా ఎనిమిదో తరగతి అమ్మాయి ఎదురైంది. ఇంటికి వెళ్ళే తొందరలో ఉంది. సంచి పక్క జేబులో సీసా ఉంది. మా నర్సు అలవాటుగా దాని వైపు చూశారు. ఆ అమ్మాయి నవ్వి, సీసా తీసి తలకిందులుగా పట్టి చూపించింది. ఒక్క చుక్క కూడా రాలలేదు.